మూడో అంతస్తులో తీగ

మీ ఇంటికి పెరడు ఉందా? ఉంటే మంచిదే. లేకపోయినా ఈ వ్యాసం చదవండి. మాకు కూడా పెరడు లేదు.

మేము ఉండేది గుజరాత్ రాష్ట్రంలో, సూరత్ నగరానికి ఉత్తరంగా ఉన్న కోసాడ్‌లో. తపతీ నదిని దాటి, అమ్రోలీ మీదుగా వస్తే మా కాలనీ వస్తుంది. ఆ నదిని ఇక్కడివాళ్ళు తాపీ అంటారు. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఒక గది, ఒక వంటగది, వాటి ముందు ఒక మనిషి నిలబడేంత వెడల్పున్న గ్యాలరీ. గ్యాలరీకి ఇనుప గ్రిల్లు. మా తోట అంతా ఆ గ్రిల్లు మీదే ఉంటుంది. దాని మీద చిక్కుడు తీగ ఉంది, బచ్చలి ఉంది. చలికాలంలో మాత్రం నాస్టర్షియం అనే పూల తీగ పాకుతుంది. ఈ వ్యాసంలో నేను మీకు ఆ తీగను గురించి చెబుతాను.

సూరత్‌లో తెలుగువాళ్ళు ఎక్కడివాళ్ళని మీరు అడగవచ్చు. సూరత్‌లో మర మగ్గాలు చాలా ఎక్కువ. పాలిస్టర్ చీరలకు ఈ ఊరు పెట్టింది పేరు. మగ్గం పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా ఇక్కడికి వస్తున్నాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. నేను అలాంటి బడిలోనే ఏడో తరగతి వరకు చదివాను. తరువాత మానేశాను. ఎందుకు మానేశానో మీకు వివరంగా చెప్పనక్కరలేదు. మీలో చాలామంది మానేసిన కారణమే నాదీ.

మా ఆయనది సిరిసిల్ల దగ్గర ఊరు. మగ్గం మీద పన్నెండు గంటల పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మా అత్తమ్మ కూడా మాతోనే ఉండేది. ఆమె చిన్నప్పటి నుంచి కండెలు చుట్టిన మనిషి. మేము మొదట నది ఒడ్డున ఒక బస్తీలో ఉండేవాళ్ళం. అక్కడ ఇల్లు రేకులదే అయినా ముందు రెండు బారల నేల ఉండేది. అత్తమ్మ అక్కడ చిక్కుడు పందిరి వేసింది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు సూరత్‌లో చాలా భాగాన్ని ముంచాయి. మా ఇంట్లో సామాను పోయింది, పందిరి పోయింది. నీళ్ళు తీసిన తరువాత అత్తమ్మ మళ్ళీ పందిరి వేసింది. కొన్నేళ్ళకు ఒడ్డున ఉన్న బస్తీలు తీసేశారు. 2005లో మొదలైన పట్టణ నవీకరణ పథకం కింద పేదలకోసం కోసాడ్‌లో కట్టిన ఇళ్ళలో మాకు ఒక ఇల్లు వచ్చింది. 2010లో ఇక్కడికి మారాం.

ఇల్లు పక్కాది. వానకు కురవదు, వరదకు మునగదు. అయినా అత్తమ్మకు నచ్చలేదు. అప్పటికే ఆమెకు ఒక కంటిలో శుక్లం తీశారు గాని చూపు పూర్తిగా రాలేదు. రెండో కన్ను మసక. మెట్లు దిగలేదు. నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టేది. ఆ లెక్క వింటే నాకు కోపం వచ్చేది. ఎందుకంటే ఆ మెట్లు నేను కట్టించలేదు గదా!

నేను పొద్దున ఒక ఇంట్లో వంట చేస్తాను. మధ్యాహ్నం ఇంటి దగ్గర చీరలకు రాళ్ళు అంటిస్తాను. నేను వంట చేసే ఇంటి బెన్ 2015 ఏప్రిల్‌లో ఊటీ వెళ్ళి వచ్చింది. అక్కడ రోడ్ల పక్కన గట్ల మీద నారింజ, పసుపు, ఎరుపు రంగుల పూల తీగలు చూసి ముచ్చటపడి, విత్తనాల పొట్లం ఒకటి తెచ్చింది. తనకు తీరిక లేక నాకు ఇచ్చింది. పొట్లం మీద పేరు ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. 'నాస్టర్షియం, పాకే రకం' అని ఉంది. నేను సొంతంగా చదివిన మొదటి ఇంగ్లీషు మాటల్లో అది ఒకటి.

విత్తనం చూడటానికి ఎండిన బఠానీ లాగా ఉంటుంది. ముడతలు ఎక్కువ. పెద్ద విత్తనం కాబట్టి మనవంటి కొత్తవాళ్ళకు సులువు. చేతిలో నిలుస్తుంది, మట్టిలో ఎక్కడ పెట్టామో గుర్తుంటుంది. నేను పొట్లం రాగానే ఆలస్యం చేయకుండా పెయింటు బకెట్లో నాటాను. పది రోజుల్లో మొలిచాయి. మే నెల ఎండకు ఆకులు పసుపు పచ్చబడి, అంచులు మాడి, నెలలోపే అన్నీ పోయాయి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఏమిటి? ఊటీలో మే నెలలో పూస్తున్న మొక్క సూరత్‌లో మాత్రం ఎందుకు చచ్చిపోయింది? ఊటీ సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంది. అక్కడి వేసవి మన చలికాలం కంటే చల్లన. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు, అంటే ఇప్పటి పెరూ, బొలీవియా దేశాల ప్రాంతం. మొక్క కేలండరు చూడదు. చల్లదనం చూస్తుంది. మన మైదానాల్లో దీన్ని వానలు వెళ్ళిపోయాక, అక్టోబరు, నవంబరు నెలల్లో నాటాలి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పూస్తుంది. మార్చి ఎండలకు వాడిపోతుంది. సూరత్‌లోనే కాదు, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా లెక్క ఇంతే.

పొట్లంలో ఇంకా కొన్ని గింజలు మిగిలాయి. ఆ అక్టోబరులో మళ్ళీ నాటాను. ఈసారి ఏ లోపమూ రాకూడదని పశువుల ఎరువు సగానికి సగం కలిపాను. తీగ చూడముచ్చటగా పెరిగింది. ఒక్కొక్క ఆకు అరచేయి అంత. డిసెంబరు పోయింది, జనవరి పోయింది. ఆకులే గాని పువ్వు లేదు. చివరికి రెండంటే రెండు పూలు పూసి, అవి కూడా ఆకుల కింద దాక్కున్నాయి.

అత్తమ్మ మంచం మీద కూర్చుని ఇదంతా వింటూనే ఉంది. ఒక రోజు అంది: "పిల్లా, గది పూయదు, కాయదు. తినని తీగకు నీళ్ళెందుకు పోస్తున్నవ్?"

ఈ మాట మా ఇంట్లో చిన్న మాట కాదు. నీళ్ళు రోజుకు కొంతసేపే వచ్చేవి. వచ్చినప్పుడు పట్టి పెట్టుకోవాలి. మా ఆయన రాత్రి పని నుంచి వచ్చి స్నానానికి బకెట్టు తక్కువైతే మొదట తీగ వైపే చూసేవాడు. దానికి తోడు ఇంకొకటి జరిగింది. నేను పోసిన నీళ్ళు బకెట్టు అడుగు నుంచి కారి, కింది అంతస్తులో మరాఠీ అక్క రాళ్ళు అంటించి ఆరబెట్టిన చీర మీద పడ్డాయి. జిగురు కదిలి చీర పాడైంది. ఆ చీర డబ్బులు నేను ఇచ్చుకోవలసి వచ్చింది. నాకు అది నాలుగు రోజుల కూలి. పై అంతస్తుల్లో కుండీలు పెట్టేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. కుండీ కింద పాత పళ్ళెం పెట్టకుండా ఒక్క చెంబు నీళ్ళు కూడా పోయకండి.

నేను ఇక ఆ మొక్కల జోలికి పోకూడదనుకున్నాను. కాని ఆ సంవత్సరమే సార్వత్రిక పాఠశాలలో పదో తరగతికి చేరాను. విజ్ఞాన శాస్త్రం పుస్తకంలో మొక్కలు వెలుతురుకు, నీటికి, స్పర్శకు ఎలా స్పందిస్తాయో చెప్పే పాఠం ఉంది. అది చదువుతుంటే నా తీగ గుర్తొచ్చింది. సొరతీగకు నులితీగలు ఉంటాయి. స్ప్రింగులాంటి ఆ తీగలతో అది పట్టుకుని ఎక్కుతుంది. చిక్కుడు కాండమే కర్ర చుట్టూ మెలి తిరుగుతుంది. నాస్టర్షియానికి ఆ రెండూ లేవు. మరి ఎలా ఎక్కుతుంది? ఆకు కాడతో. ఆకు కాడకు సన్నని దారమో పుల్లో తగిలితే, అది మెల్లగా వంగి దాని చుట్టూ ఒక మెలిక వేస్తుంది. చార్లెస్ డార్విన్ ఎగబాకే మొక్కల మీద 1865లో రాసిన గ్రంథంలో ఈ జాతి తీగల కాడలను గీకి, దారాలు తగిలించి, అవి ఎలా వంగుతాయో చూసి రాశాడు. అంత పెద్ద శాస్త్రవేత్త చేసిన పని మనం గ్యాలరీలో కూర్చుని చేయవచ్చు. లేత కాడను ఒక పక్క మెత్తగా గీకి వదిలేయండి. తరువాత వచ్చి చూడండి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆకు కాడ సన్నది. గ్రిల్లు ఊచ లావు. దాన్ని కాడ చుట్టలేదు. అందుకే నా తీగ రెండుసార్లూ ఎక్కలేక కిందికి వేలాడింది. దానికి దారం కావాలి.

2016 నవంబరులో మూడోసారి నాటాను. ఈసారి ఎరువు వేయలేదు. కాలనీలో గోడ కట్టగా మిగిలిన ఇసుక, మామూలు మట్టి సగం సగం కలిపాను. ఇది పొట్లం మీదే రాసి ఉంది గాని నేను నమ్మలేదు. ఈ మొక్కకు బలమైన మట్టి వేస్తే ఆకులు పెంచుకుంటుంది. నిస్సారమైన మట్టిలో పూలు పూస్తుంది. బెన్ కొత్త పొట్లం తెప్పించింది. గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. బకెట్టుకు మూడు, వేలి గణుపు లోతున. మొలకెత్తేటప్పుడు చిక్కుడులాగా పప్పుబద్దలు పైకి రావు. అవి మట్టిలోనే ఉండిపోతాయి. నేరుగా కాడ, దాని మీద గుండ్రని చిట్టి ఆకులు వస్తాయి.

దారం మాత్రం నాకు కుదరలేదు. మొదట ఇంట్లో దొరికే పాలిస్టర్ దారపు ముక్కలు కట్టాను. మగ్గాల ఊళ్ళో దారానికి కరువా? కాని ఆ దారం నున్నగా ఉంటుంది. కాడ చుట్టుకున్నా గాలికి తీగ మొత్తం జారి కిందికి వచ్చేది. సంక్రాంతి నాడు ఇక్కడ ఉత్తరాయణ్ పండుగ. ఊరంతా గాలిపటాలు. సూరత్ మాంజాకు మంచి పేరు. గ్రిల్లుకు చిక్కిన మాంజా దారం కట్టి చూద్దామా అనుకుని ముట్టుకుంటే నా వేలే కోసింది. దానికి గాజు పొడి పూస్తారు. అది తీగనూ కోస్తుంది, వాలిన పిట్టనూ కోస్తుంది. దాన్ని చుట్టి చెత్తలో పడేశాను.

"ఏం దారం కడుతున్నవ్?" అని లోపలి నుంచి అత్తమ్మ అడిగింది. తెచ్చి చేతిలో పెట్టాను. వేళ్ళ మధ్య నలిపి చూసి, "గిది జారుతది. నూలు తే" అంది. నూలు దారం సూరత్‌లో వెతకాల్సిన వస్తువైపోయింది. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే దారం, కొంచెం జనపనార సుతిలి తెచ్చాను. అత్తమ్మ గ్యాలరీలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఆ గడప దాటి కూర్చోవడం నేను చాలా రోజుల తరువాత చూశాను.

ఆమె మొదట దారాలు పై ఊచ నుంచి కింది ఊచకు నిలువుగా కట్టింది. పడుగు పరచినట్టే. తరువాత అడ్డంగా మరికొన్ని దారాలు వేసి, ప్రతి కూడలి దగ్గర ఒక ముడి వేసింది. మగ్గం మీద పోగు తెగితే అతికే ముడి అది. చిన్నగా ఉంటుంది, లాగితే ఇంకా బిగుస్తుంది. జాలరులు వలలు అల్లేటప్పుడు వేసేదీ ఈ ముడే. ఆమె కళ్ళు ఎటో చూస్తున్నాయి. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఒక మధ్యాహ్నం, మళ్ళీ ఒక పొద్దున. గ్రిల్లు సగానికి వల తయారైంది. "కన్ను బెత్తెడు ఉంటే సాలు" అని కొలత కూడా చెప్పింది. కన్ను అంటే వల గడి.

ఆ వల మీద తీగ ఎక్కిన తీరు చెప్పాలి. రోజూ పొద్దున అత్తమ్మ వేళ్ళతో తడిమి, ఏ కాడ ఏ దారాన్ని పట్టిందో చెప్పేది. ఒక కాడ ఒక చుట్టు వేసి, తరువాత గట్టిపడి, పీకినా రాదు. సంక్రాంతికి తీగ నా భుజం ఎత్తు వచ్చింది. పండుగ మరుసటి రోజు మొదటి పువ్వు పూసింది. నారింజ రంగు. అయిదు రేకులు, వెనక తోకలాగా ఒక సన్నని గొట్టం. ఆ గొట్టం చివర తేనె ఉంటుంది. మా కాలనీ పిల్లలు రెండో రోజుకే దాన్ని కనిపెట్టి పీల్చడం మొదలుపెట్టారు. నాకు మిగిలిన పూలు అందని ఎత్తులో ఉన్నవే.

ఈ ఆకు గురించి ఒక మాట. దీని కాడ ఆకు అంచుకు కాకుండా, నడిమికి దగ్గరగా అతుక్కుని ఉంటుంది. మీరు ఇలాంటి ఆకును ఎక్కడ చూశారు? తామరలో. అత్తమ్మ వేలితో ఆకు మీద నీటి బొట్టు వేసింది. అది తడపకుండా ముత్యంలా దొర్లి పడింది. "తామరాకు లెక్క ఉన్నదే!" అంది. ఆమె ఎంత సరిగ్గా చెప్పిందో నాకు తరువాత తెలిసింది. తామరాకు మీద నీరు నిలవకపోవడానికి కారణం దాని మీద ఉండే కంటికి కనిపించని మైనపు నూగు. నాస్టర్షియం ఆకు మీద కూడా అలాంటిదే ఉంది. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు నీటి బొట్టు ఎంత త్వరగా ఎగిరిపడుతుందో కొలిచారు. ఈనెలు పైకి తేలి ఉన్న నాస్టర్షియం ఆకు మీద పడిన బొట్టు చీలి, ఇంకా తొందరగా దూకిపోతుందని గమనించారు.

స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1753లో ఈ జాతికి పెట్టిన శాస్త్రీయ నామం 'ట్రోపియోలం'. పాత రోజుల్లో రోమన్లు యుద్ధం గెలిస్తే శత్రువుల డాళ్ళు, శిరస్త్రాణాలు ఒక స్తంభానికి వేలాడదీసేవారు. ఆకు డాలులాగా, పువ్వు శిరస్త్రాణంలాగా ఆయనకు కనిపించాయి. ఆయన కూతురు ఎలిజబెత్ ఒక సాయంకాలం మసక వెలుతురులో ఈ పూలు మెరుపులు మెరిసినట్టు గమనించి, 1762లో దాని మీద వ్యాసం ప్రచురించింది. పువ్వు నిజంగా మెరవదు. మునిమాపు వేళ ఆకుపచ్చ నడుమ నారింజ రంగును మన కన్ను చూసే తీరు వల్ల అలా అనిపిస్తుందని తరువాతివాళ్ళు తేల్చారు. నేను ఎన్ని సాయంకాలాలు చూసినా నాకు మెరుపు కనపడలేదు. అత్తమ్మ మాత్రం కనపడిందంది. ఆమె కళ్ళు ఏం చూస్తున్నాయో నాకేం తెలుసు? నేను వాదించలేదు.

ఇక 'తినని తీగ' సంగతి. ఆకులు, పూలు రెండూ తినవచ్చని బెన్ చెప్పింది. విదేశాల్లో పచ్చివే తింటారట. పచ్చి కాయలను వినిగరులో ఊరవేస్తారట. నేను రెండు లేత ఆకులు కడిగి అత్తమ్మకు ఇచ్చాను. నమిలి, కొంచెంసేపు ఊరుకుని, "ఆవాల లెక్క. కాదు, మునగ ఏరు లెక్క ఘాటుగున్నది" అంది. ఈ మాట నేను ఎప్పటికీ మరచిపోను. శాస్త్రవేత్తలు మొక్కలను పెద్ద కుటుంబాలుగా విభజించినప్పుడు నాస్టర్షియాన్ని, ఆవాలను, మునగను, బొప్పాయిని ఒకే క్రమంలో చేర్చారు. నమిలినప్పుడు ఘాటునిచ్చే ఆవనూనె లాంటి పదార్థాలు ఈ మొక్కలన్నిటిలోనూ ఉన్నాయి. మునగ చెట్టు, ఈ చిన్న తీగ చుట్టాలంటే చూసినవాళ్ళు ఎవరూ నమ్మరు. నాలుక నమ్ముతుంది.

తరువాత మేము ఆకులతో పచ్చడి చేశాం. వేయించిన పల్లీలు, పచ్చిమిరపకాయలు రెండు తగ్గించి, కొంచెం చింతపండు, గుప్పెడు ఆకులు. వేడి అన్నంలో బాగుంటుంది, జొన్నరొట్టెతో ఇంకా బాగుంటుంది. మా ఆయన మొదటి రోజు ఏ ఆకో చెప్పకుండానే తిన్నాడు. చెప్పాక, "బకెట్టు నీళ్ళ ఖరీదు పచ్చడి" అన్నాడు గాని, మళ్ళీ వడ్డించుకున్నాడు. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు తీగకు పోసే పని అత్తమ్మ తీసుకుంది. పట్టిన నీళ్ళలో ఒక్క చెంబు కూడా ముట్టుకోలేదు. గొడవ అంతటితో ఆగింది.

మీరు తినాలనుకుంటే రెండు జాగ్రత్తలు. పురుగు మందు కొట్టిన తీగ ఆకులు తినకూడదు. పొట్లంలో వచ్చిన గింజలకు రంగు పూసి ఉంటే అది మందు. వాటిని నాటడానికే వాడండి, పిల్లల చేతికి అందనివ్వకండి. నాస్టర్షియం అనే పేరు ఇంకొక మొక్కకూ ఉంది. నీటి వాగుల్లో పెరిగే ఒక ఘాటైన ఆకుకూర శాస్త్రీయ నామం అది. లాటిన్‌లో దాని అర్థం 'ముక్కు మెలిపెట్టేది' అని చెబుతారు. ఘాటు ఒకటే కావడంతో మన తీగకు కూడా ఆ పేరు అంటుకుంది. కొనేటప్పుడు పొట్లం మీద బొమ్మ చూసుకోండి. పొట్టి రకం కూడా ఉంది. అది ఎక్కదు. గ్రిల్లుకు కావాలంటే పాకే రకమని అడగాలి. అది రెండు మూడు మీటర్లు పోతుంది.

పురుగుల విషయం కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో పేనుబంక వచ్చింది. లేత కొనల కింద నల్లగా గుంపులు గుంపులుగా. మందు కొడదామంటే ఆకులు తినేవి. రోజూ పొద్దున నీళ్ళు చిమ్మి, వేళ్ళతో నలిపి తీశాను. మరీ ఎక్కువైన కొనలు తుంచేశాను. క్యాబేజీని తినే గొంగళి పురుగులు కూడా ఈ ఆకుల మీద వాలతాయి, ఘాటు వాటికి ఇష్టం. అందుకే కొందరు రైతులు కూరగాయల మడి పక్కన దీన్ని ఎరగా పెంచుతారు. మా గ్రిల్లు మీద చిక్కుడు దాని పక్కనే ఉంది. చిక్కుడుకు అంతగా పట్టలేదు. అది నాస్టర్షియం వల్లనేనా అంటే నేను గట్టిగా చెప్పలేను, ఒక్క గ్రిల్లు చూసి.

ఆ చిక్కుడు అత్తమ్మది. వల అల్లిన తరువాత ఆమె అడిగింది, "సగం వలకు చిక్కుడు పెడదామా" అని. సూరత్‌వాళ్ళకు చిక్కుడంటే ప్రాణం. వాళ్ళ పాపడీ అనే చిక్కుడు లేకుండా చలికాలంలో ఉంధియూ అనే కూర వండరు. కింది మరాఠీ అక్కే గింజలు ఇచ్చింది. చీర సంగతి అప్పటికి ఇద్దరం మరచిపోయినట్టు నటిస్తున్నాం.

మార్చిలో తీగ పసుపు పచ్చబడింది. పువ్వు రాలిన చోట మూడు గింజలు కలిసి ఒక కాయగా వస్తాయి. పండితే మూడూ విడిపోయి రాలుతాయి. వాటిని నీడలో ఎండబెట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి పెట్టాం. ఆ తరువాత మూడు చలికాలాలు గింజలు కొనలేదు.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అయింది. మగ్గాలు ఆగాయి. మగ్గం ఆగితే కూలి లేదు. చీరల పని లేదు, వంట పని లేదు. నెలన్నర ఎలాగో గడిపాం. మే నెలలో కష్టపడి ఊరు చేరాం. అత్తమ్మ సామాను ఒక సంచి. గింజలు మాత్రం కొంగున ముడి వేసుకుంది. సగం నాకు డబ్బాలోనే వదిలింది. వెళ్తున్నప్పుడు తీగ వల మీదే ఎండి ఉంది. విప్పలేదు.

అక్టోబరులో మగ్గాలు తిరుగుతున్నాయని కబురు వస్తే మేము తిరిగి వచ్చాం. అత్తమ్మ రానంది. "ఈడ నేల ఉన్నది. మీరు పోండ్రి" అంది. ఆమె చెల్లెలు ఊళ్ళోనే ఉంది, చూసుకుంటానంది. మా ఆయన బతిమాలాడు. నేను బతిమాలలేదు. బతిమాలితే వస్తుందేమోనని భయపడ్డానో, రాదేమోనని భయపడ్డానో నాకే తెలియదు.

ఇక్కడికి వచ్చి చూస్తే వానాకాలం గాలికి వల చీకిపోయి ఉంది. నూలు దారం ఎండావానలకు ఏడాది రెండేళ్ళ కంటే ఆగదు. అంతకుముందు ప్రతి సంవత్సరం అత్తమ్మ కొత్తది అల్లేది కాబట్టి నాకు ఆ సంగతి తెలియనే లేదు. డబ్బాలో గింజలు నానబెట్టాను. సుతిలి తెచ్చాను. నిలువు దారాలు కట్టాను. అడ్డదారాలు కూడా పరిచాను. ముడి దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. నాలుగేళ్ళు పక్కన కూర్చుని చూశాను గదా, ఎంతసేపు అనుకున్నాను. వేసిన ముడి లాగగానే విడిపోయింది.

ఫోన్ చేశాను. "ఒక కొసను మడువు. రెండో కొస కిందికెళ్ళి తే. దాని ఎన్క నుంచి తిప్పు. బొటనవేలుతో ఒత్తు" అని ఆమె చెబుతోంది. ఏ కొస? ఎటు వెనక? ఫోను చెవికి భుజానికి మధ్య పెట్టుకుని పది సార్లు ప్రయత్నించాను. ఆమెకు కూడా అక్కడ దారం లేకుండా మాటల్లో చెప్పడం రాలేదు. "ఉండు, దారం తెచ్చుకుంట" అని వెళ్ళింది. వచ్చి, వేస్తూ వేస్తూ చెప్పింది. ఆమె ముడి పడింది. నాది పడలేదు. "నువ్వొచ్చినప్పుడు చేయి పట్టి చూపిస్త, తియ్" అంది.

ఆ చలికాలం మామూలు జంటముడులతో సరిపెట్టాను. వల వదులుగా ఉండి గాలికి ఊగేది. తీగ ఎక్కింది గాని ఒక పక్కకు ఒరిగింది. జనవరిలో అత్తమ్మ ఫోన్ చేసింది. వాకిట్లో కంప కంచె మీద పూసిందట. ఊళ్ళోవాళ్ళు ఏం పువ్వని అడుగుతున్నారట. పేరు నోరు తిరగక 'కోసాడ్ పువ్వు' అని చెప్పిందట.

ఇప్పుడు కూడా ఆమె ఊళ్ళోనే ఉంది. మేము వేసవిలో వెళ్తాం. పోయినసారి వెళ్ళినప్పుడు ఆమె నా వెనక కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుని, నా వేళ్ళతోనే ముడి వేయించింది. అయిదారు పడ్డాయి. ఈ అక్టోబరులో వల సగం నేను ఆ ముడితో అల్లాను. మిగతా సగం మళ్ళీ జంటముడే, ఎందుకంటే మధ్యలో వరస తప్పిపోయింది. గింజలు పన్నెండు నానబెడితే తొమ్మిది మొలిచాయి. ఈ పొద్దున చూస్తే ఒక కాడ రెండో అడ్డదారాన్ని చుట్టుకుంది. నేను వేసిన ముడికి కొంచెం పైన.